వేలిముద్ర కాదు, నా సంతకం

గురువారం రాత్రి విశాఖ నుంచి నరసన్నపేట చేరేసరికి తొమ్మిది దాటింది. ఒంట్లో ఓపిక లేకపోయినా ఈ రెండు వారాల సంగతి మరిచిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

జనవరిలో నా ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), ముక్క పరీక్ష, స్కానింగ్ అన్నీ మూడు వారాల్లో అయిపోయాయి, క్యాన్సరని తేలింది. విశాఖలో డాక్టరు గారు నాకు కీమో ఎలాగూ ఇస్తామని, దానితోపాటు ఒక కొత్త మందు ఇస్తే మేలు జరుగుతుందా అని ఒక క్లినికల్ ట్రయల్‌లో పరీక్షిస్తున్నారని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పారు. మర్యాదగానే చెప్పారు. ఆలోచించుకుంటానన్నాను.

నా గొడవంతా ఆ గది బయటే మొదలైంది. ట్రయల్ కాగితాలు చూసే కుర్రాడు ఇరవైకి పైగా పేజీల సమ్మతి కాగితాల కట్ట తెచ్చి నా తమ్ముడి చేతికిచ్చాడు. బెంచీ మీద తమ్ముడి పక్కనే నేను కూర్చుని ఉన్నాను. "సార్, చివరి పేజీలో మీరు సంతకం పెట్టి, మీ అక్కగారితో ఇక్కడ వేలిముద్ర వేయించండి. పది నిమిషాల్లో వస్తాను" అని ఇంకు పెట్టె కూడా బెంచీ మీద పెట్టి వెళ్లాడు. ఎదురుగా ఇరవై మంది ఉన్నారు. నేను ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ నడుపుతున్నాను. మా ఊరి పిల్లల బరువులు, టీకాలు, గర్భిణుల వివరాలు, గుడ్ల లెక్క, పాల లెక్క అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఏ తనిఖీలోనూ నా రిజిస్టర్లలో తప్పు దొరకలేదు. నేత చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చిన ఆడదానికి చదువు రాదని అతను ఒక్క చూపులో తేల్చేశాడు. తమ్ముడు నా ముఖం చూసి తల దించుకున్నాడు. నేను ఆ కట్ట తీసుకుని, ఇంకు పెట్టె బెంచీ మీదే వదిలేసి, ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో ఇంకో పోరు. మా ఆడపడుచు "నీ మీద ప్రయోగాలు చేస్తారు వదినా" అని ఏడ్చింది. ఆమె భయం ఉత్తదని నేను అనను. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు టీకాలు వేసిన అధ్యయనాన్ని 2010లో ఆపేశారు. చాలామంది పిల్లల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని విచారణలో బయటపడింది. ఆ బెంచీ మీద ఇంకు పెట్టె చూసినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ పిల్లలే.

మూడు రాత్రులు చదివాను. కాగితాలు తెలుగులోనే ఉన్నాయి, కానీ ఆ తెలుగు ఎవరు మాట్లాడతారో నాకు తెలియదు. "యాదృచ్ఛికీకరణ", "ప్రతికూల సంఘటన" లాంటి మాటల దగ్గర ఆగిపోయాను. పాత రిజిస్టరు వెనక పేజీల్లో పదిహేను ప్రశ్నలు రాసుకున్నాను.

మళ్లీ వెళ్లినప్పుడు డే కేర్ వార్డులో పనిచేసే ఒక సిస్టర్ నా చేతిలో రిజిస్టరు చూసి, ఏమిటమ్మా అని అడిగారు. ట్రయల్ రోగులను చూసుకునే నర్సు ఆవిడేనట. కుర్చీ తెచ్చి నా ఎదురుగా కూర్చుని, "చేరమని గానీ వద్దని గానీ నేను చెప్పను. అర్థం కానిది ఒక్కటి కూడా మిగలకుండా చూస్తాను" అన్నారు. గంటకు పైగా కూర్చున్నారు.

యాదృచ్ఛికీకరణ అంటే చీటీ తీయడం లాంటిదేనట. కొత్త మందు ఎవరికి, మామూలు కీమో మాత్రమే ఎవరికి అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. అది డాక్టరు చేతిలోనూ నా చేతిలోనూ ఉండదు. ఉత్తుత్తి మందు ఇస్తారా అని అడిగాను. ఈ ట్రయల్‌లో అది లేదని, కీమో అందరికీ అందుతుందని ఆ పేజీ తీసి చూపించారు. ప్రతికూల సంఘటన అంటే వాంతి దగ్గర్నుంచి ఆస్పత్రిలో చేరడం దాకా మందు మొదలయ్యాక వచ్చే ప్రతి ఇబ్బంది. అది మందు వల్ల కాకపోయినా రాయాల్సిందే. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని 2019 నాటి నిబంధనల్లో ఉందని చెప్పారు. ట్రయల్ కోసం చేసే అదనపు గుండె పరీక్షల ఖర్చు ఎవరిది, దారి ఖర్చులు ఇస్తారా అన్నవీ అడిగాను. రెండూ కాగితంలోనే ఉన్నాయి, బస్సు టిక్కెట్లు దాచుకోమన్నారు.

పన్నెండో ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. రిజిస్టరు ఆమె వైపు తిప్పాను. "చేరకపోతే డాక్టరు గారికి కోపం వచ్చి నా వైద్యం సరిగా చేయరా?" అని రాసి ఉంది. ఆమె నవ్వలేదు. చేరకపోయినా, చేరి మధ్యలో మానేసినా మామూలు వైద్యానికి లోటు రాదన్న వాక్యం మీద వేలు పెట్టి, నన్నే చదవమన్నారు. పైకి చదివాను. అప్పుడు కాస్త ఊపిరి ఆడింది.

ఇంకేమైనా మందులు వాడుతున్నారా అంటే, పక్క ఊరి ఆకుపసరు సంగతి చెప్పేశాను. ఇంట్లో వాళ్లు దాచమన్నారు. ఆమె కోప్పడలేదు, డాక్టరుకు చెప్పి మాన్పించారు. మీరూ ఏదీ దాచకండి, కీమో మందులతో అది ఎలా కలుస్తుందో మనకు తెలియదు.

ఇంకు పెట్టె గురించి కూడా చెప్పాను. చదవలేని మనిషైతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదురుగా అంతా వివరించాకే వేలిముద్ర తీసుకోవాలట. చదవగలిగిన మనిషికి ఆ ప్రశ్నే లేదు, నా బదులు తమ్ముడి సంతకం చెల్లదు. కాగితాలు మీ ఇంటి మగవాళ్ల చేతికిస్తే వెనక్కి తీసుకుని మీరు చదవండి. ఇంటికి తీసుకెళ్తానని చెప్పండి. పది నిమిషాల్లో తేల్చమనే హక్కు ఎవరికీ లేదు.

ఈ గురువారం నేనే సంతకం పెట్టి, పక్కన తేదీ వేశాను. నా ప్రతి నాకు ఇచ్చారు. ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు, ఒక్క మాట కూడా అనలేదు. తప్పయిందని అంటాడని నేను ఎదురుచూశాను.

సిస్టర్ ఒక చిన్న పుస్తకం, ఫోను నంబరు ఇచ్చారు. కీమో మొదలయ్యాక జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగకుండా ఏ వేళైనా ఫోను చేయాలి, రోగాలతో పోరాడే తెల్లకణాలు తగ్గి ఉంటాయి కాబట్టి అది చూద్దాంలే అని ఆగాల్సిన జ్వరం కాదు. థర్మామీటరు నరసన్నపేటలోనే కొన్నాను. బుధవారం రక్తపరీక్ష, శుక్రవారం మొదటి కీమో.