వేదిక మీది బల్ల తీసేశాక

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్న నాకు తల్లిదండ్రుల సమావేశం చాలాకాలం ఒక వెలితిగానే ఉండేది. వేదిక మీద బల్ల, దాని వెనుక మేము, ఎదురుగా వరుసల్లో వాళ్లు. మేము మార్కులు చదివితే వాళ్లు తలలూపి, సంతకమో వేలిముద్రో వేసి పనులకు వెళ్లిపోయేవారు.

‘వరల్డ్ కేఫ్’ అనే పద్ధతి గురించి ఆ రోజుల్లోనే చదివాను. 1995లో కాలిఫోర్నియాలోని మిల్ వ్యాలీలో, జువానిటా బ్రౌన్, డేవిడ్ ఐజాక్స్‌ల ఇంట్లో, వాన వల్ల ఆరుబయట కూర్చోలేక చిన్న బల్లల చుట్టూ సర్దుకున్న అతిథుల మాటల్లోంచి అది పుట్టింది. బల్లకు నలుగురైదుగురు కూర్చుని, సుమారు 20 నిమిషాలు మాట్లాడుకుని, తోచింది పరచిన కాగితం మీదే రాస్తారు; తరువాత ఒకరు అక్కడే ఉండిపోతే మిగిలినవారు వేరే బల్లలకు మారతారు.

మొదటిసారి నేను చేసిన ప్రయత్నం విఫలమైంది. బెంచీలను గుండ్రంగా జరిపించాను గానీ, అడిగిన ప్రశ్న మాత్రం ‘పిల్లలు చదువులో ఎందుకు వెనకబడుతున్నారు?’ అన్నది. ప్రశ్నలోనే నింద ఉన్నప్పుడు జవాబు సంజాయిషీ కాక మరేమవుతుంది? చదువుకున్న ఇద్దరు తండ్రులు మాట్లాడారు; తల్లులు స్కెచ్ పెన్నులను ముట్టుకోనైనా లేదు.

రెండోసారి ప్రశ్న కోసమే వారం రోజులు వెచ్చించాను. ‘మీ బిడ్డ ఎవరూ చెప్పకుండానే ఇంట్లో చేసే పని ఏమిటి?’ అని మధ్యాహ్న భోజనం వండే అమ్మను ముందుగా అడిగి చూశాను. ఆమె పప్పు గరిటె పక్కన పెట్టి, కూతురి గురించి చాలాసేపు చెప్పింది. అదే ఖాయం చేశాను. పాత క్యాలెండర్లు తిరగేసి పరచి, గుప్పెడేసి చింతపిక్కలు పెట్టి, రాసే పని పదో తరగతి పిల్లలకు అప్పగించాను. పెద్దవాళ్లను మాటిమాటికీ లేపడం బాగుండదని, వాళ్లను కూర్చోబెట్టి ఉపాధ్యాయులమే బల్లలు మారాం. పుస్తకంలో ఉన్నట్టు కాకపోయినా మా ఊరికి అదే సరైన పద్ధతి అని నా నమ్మకం.

ఒక బల్ల దగ్గర ఒక తల్లి చింతపిక్కలను రెండు వరుసలుగా పేర్చింది. పై వరుస పొద్దుటి పాలు, కింది వరుస సాయంత్రం పాలు. “వెన్న శాతం తగ్గితే లీటరుకు ఎంత పోతుందో మావాడు నోటితోనే చెప్పేస్తాడు సార్, పాలకేంద్రంలో చీటీ ఇచ్చేలోపే,” అంది. ఆ అబ్బాయి లెక్కల్లో తప్పాడని జాబితా పట్టుకొచ్చిన మా లెక్కల మాస్టారు ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఆయన జాబితా మడిచి జేబులో పెట్టుకుని, “ఎలా కడతాడమ్మా?” అని అడిగారు. ఆమె పిక్కలు జరుపుతూ చూపించింది.

సోమవారం తొమ్మిదో తరగతి నల్లబల్ల మీద శాతాల పాఠం పాలచీటీతో మొదలైంది. దాన్ని ఇంటి నుంచి తెచ్చిచ్చింది ఆ అబ్బాయే.