కేబుల్ లేకుండా ఈ-రీడర్‌లోకి పుస్తకాలు

నా ఈ-రీడర్ పాతదే గానీ స్క్రీన్ ఇప్పటికీ బాగుంది. యూఎస్‌బీ పోర్టే పాడైంది. కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనబడదు. ఒక్క పోర్టు కోసం దాన్ని పక్కన పడెయ్యడానికి మనసొప్పలేదు. వైఫై ఉంది కదా, ఆ దారిలోనే ఫైళ్లు ఎక్కిద్దామని కూర్చున్నాను.

ముందు వైఫై దగ్గరే ఆగిపోయాను. ఫోన్లన్నీ వాడుకుంటున్న నెట్‌వర్క్ పేరు రీడర్ జాబితాలోకి రాలేదు. పాత ఈ-రీడర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్కటే అందుతుంది. రౌటర్‌లో చూస్తే 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఆన్‌లో ఉంది. 2.4 కూడా ఆన్ చేస్తే పేరైతే వచ్చింది, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాలేదు. రౌటర్‌లో వైఫై భద్రత డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి మీద ఉండటమే కారణం. పాత పద్ధతైన డబ్ల్యూపీఏ2ని కూడా అనుమతించే మిశ్రమ పద్ధతికి మార్చాక కలిసింది.

తర్వాత బ్రౌజర్ తెరిస్తే ఏ సైటుకి వెళ్లినా దాని సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని చెప్పే గుర్తింపు పత్రం లాంటిది) చెల్లదన్న హెచ్చరికే. కాస్త టెన్షన్ పడ్డాను. చూస్తే రీడర్‌లో తేదీ ఏళ్ల వెనక ఉంది. చాలాకాలం చార్జింగ్ లేకుండా పడి ఉంటే లోపలి గడియారం మొదటికి వెళ్లిపోతుంది. ప్రతి సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది కాబట్టి, రీడర్ లెక్కలో అవేవీ ఇంకా మొదలే కాలేదు. తేదీ సరిచేస్తే చాలా పేజీలు తెరుచుకున్నాయి.

అన్నీ మాత్రం కాదు. జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రామ్ కోడ్) బరువుగా ఉన్న సైట్లు సగంలో ఆగిపోతాయి. రీడర్‌లో ఉండే కాగితం లాంటి ఈ-ఇంక్ తెర మెల్లగా మారుతుంది కాబట్టి పేజీని కిందికి లాగితే పాత అక్షరాల నీడలు మిగులుతాయి. అక్షరాలే ఎక్కువగా ఉన్న వికీపీడియా లాంటి పేజీలు హాయిగా చదువుకోవచ్చు, వీడియోల జోలికి పోకూడదు. ఇంకో మాట గట్టిగా చెప్తాను: అప్‌డేట్లు ఆగిపోయిన బ్రౌజర్‌లో బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు కొట్టొద్దు.

నా దృష్టిలో ఆ బ్రౌజర్ అసలు ఉపయోగం ఫైళ్లు తెచ్చుకోవడానికే. కంప్యూటర్‌లో కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో కోవిద్ గోయల్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌లో కంటెంట్ సర్వర్ అని ఒకటుంటుంది. దాన్ని ఆన్ చేస్తే మన పుస్తకాల జాబితా మొత్తం ఇంటి నెట్‌వర్క్‌లో ఒక వెబ్ పేజీలా కనిపిస్తుంది. కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు), కోలన్, 8080 అని రీడర్ బ్రౌజర్‌లో కొడితే చాలు. నాకు మొదట ఖాళీ పేజీ వచ్చింది. ఆ అడ్రస్ చివర స్లాష్ పెట్టి మొబైల్ అని ఇంగ్లీషులో చేర్చితే, ఇలాంటి బలహీనమైన బ్రౌజర్ల కోసమే చేసిన సాదా పేజీ వస్తుంది. పుస్తకం పేరు పక్కన ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైల్ ఫార్మాట్) లింకు నొక్కగానే డౌన్‌లోడ్ అయి లైబ్రరీలో చేరింది. ఎంత సంతోషమేసిందో! కేబుల్‌తో పని లేదు, మధ్యలో ఎవరి సర్వరూ లేదు. ఆ కాసేపూ ఇంటర్నెట్ పోయినా, రౌటర్ నడుస్తుంటే పని ఆగదు.

అసలు పేజీయే రాకపోతే రెండు చోట్ల చూడండి. ఒకటి, కంప్యూటర్‌లోకి బయటి కనెక్షన్లను ఆపే ఫైర్‌వాల్ కాలిబర్‌ని అడ్డుకుంటోందేమో. రెండు, రీడర్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో. అందులో ఉన్నవాటిని మిగతా పరికరాలతో మాట్లాడనివ్వకుండా రౌటర్లు విడిగా ఉంచుతాయి. కొన్ని రీడర్ల బ్రౌజర్లు ఈపబ్‌ని దించుకోవు, అప్పుడు కాలిబర్‌లోనే అవి ఒప్పుకునే ఫార్మాట్‌కి మార్చాలి. పీడీఎఫ్ అయితే చేరుతుంది కానీ చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. పుస్తకం ఈపబ్‌గా దొరికితే అదే తీసుకోండి.

ఐపీ అడ్రస్ మారిపోతూ విసిగిస్తుంటే రౌటర్ సెట్టింగ్స్‌లో కంప్యూటర్‌కి ఒకే అడ్రస్ కేటాయించి, దాన్ని రీడర్‌లో బుక్‌మార్క్ చేసుకోండి. పని అయ్యాక కంటెంట్ సర్వర్ ఆపెయ్యండి, మనం పెట్టుకుంటే తప్ప దానికి పాస్‌వర్డ్ ఉండదు. రీడర్‌లో వైఫై కూడా కట్టెయ్యండి. కదలని పేజీని చూపించడానికి ఈ-ఇంక్ కరెంటు తీసుకోదు, బ్యాటరీని తినేది వైఫైయే.