ఒక్క ఎలక చాలు

నేనుండేది న్యూజిలాండ్‌లో బాగా దక్షిణాన, ఇన్వర్‌కార్గిల్‌లో. ఇక్కణ్ణుంచి కింద సముద్రంలో ఉన్న దీవులకి వెళ్ళే వాళ్ళ సామాను చెక్ చేసి ప్యాక్ చెయ్యడం నా పని. అదీ ఒక ఉద్యోగమేనా అని ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు, వాళ్ళకి ఫోన్‌లో చెప్తే సగమే అర్థమవుతోంది.

మా గదికి ఎలక దూరే సందు ఉండదు. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, తిండి సామాను మొత్తం విప్పి చూసి, మూత బిగుసుకునే బకెట్లలో పెట్టి సీల్ చేస్తాం. బూట్ల అడుగున మట్టి గీకాలి, జేబులు తిరగేసి దులపాలి, అన్నిటికంటే వెల్‌క్రో... అందులో ఇరుక్కున్న గడ్డి గింజల్ని ఒక్కోటీ పట్టకారుతో లాగాలి, కళ్ళు లాగేస్తాయి.

ఇంత ఎందుకంటే, మనుషులు రాకముందు ఈ దేశంలో నేల మీద గబ్బిలాలు తప్ప పాలిచ్చే జంతువే లేదు, అందుకే ఇక్కడి పక్షులు చాలావరకు నేల మీదే, బొరియల్లోనే గుడ్లు పెడతాయి, ఎలకొస్తే ఏం చెయ్యాలో వాటికి తెలీదు. బిగ్ సౌత్ కేప్ దీవిలోకి 1960ల్లో ఎలకలు చేరాయి, 1964లో వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాళ్ళు 36 శాడిల్‌బ్యాక్ పిట్టల్ని పట్టి పక్క దీవులకి చేర్చారు కాబట్టి ఆ జాతి మిగిలింది. అక్కడి బుష్ రెన్, స్నైప్ పిట్టలు మాత్రం దక్కలేదు, పూర్తిగా పోయాయి. నాకు ఇప్పటికీ కోపమొస్తుంది తల్చుకుంటే.

పట్టేస్తే పోలా అంటారు. 2004లో సైంటిస్టులు ఒక మగ ఎలకకి రేడియో కాలర్ కట్టి ఎలకల్లేని దీవిలో కావాలనే వదిలారు, అది బోనులకీ కుక్కలకీ చిక్కకుండా 400 మీటర్లు సముద్రం ఈది ఇంకో దీవికి పోయింది, దొరికేసరికి 18 వారాలు! ఒక్క ఎలకకి!

కాంప్‌బెల్ దీవిలో 2001లో హెలికాప్టర్లతో విషం ఎర చల్లి ఎలకల్ని తుడిచేశారు, 11 వేల హెక్టార్ల పైనే. తర్వాత పక్కనున్న చిన్న దీవి నుంచి స్నైప్‌లు (ఇవి వేరే రకం) వాటంతటవే తిరిగొచ్చాయి. ఇక ఆక్లాండ్ దీవి (సిటీ కాదు) దాదాపు 46 వేల హెక్టార్లు, అక్కడ చిట్టెలుకలు, పిల్లులు, పందులు మూడూ ఉన్నాయి. వాటిని తుడిచేసే పని మొదలైతే బకెట్లు కుప్పలుగా వస్తాయి, అప్పటికి నేనీ గదిలోనే ఉండాలని నా కోరిక.