కాలువ పూడలేదట

ఆషాఢం గాలి మొదలైంది. మా అనంతపురంలో పొద్దున తుడిచిన గడప మీద మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రమట్టి. కీమోకి జుట్టు ఊడుతుందని అందరూ చెప్పారు, ముందే రెండు స్కార్ఫులు కొనిపెట్టుకున్నాను. రెప్పల వెంట్రుకలూ పోతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి ఎందుకున్నాయో ఈ గాలికి తెలిసొచ్చింది.

మూడు వారాలకోసారి డోసిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. మూడో కీమో నుంచి కళ్లు ఒకటే కారడం. నిన్న కూరగాయల బండి ఆమె "ఏడవొద్దులేమ్మా" అంటూ గుప్పెడు పచ్చిమిరపకాయలు ఊరికే వేసింది. ఏడవడం లేదని చెప్పే ఓపిక లేక సంచి చాపాను.

అత్తయ్య నందివర్ధనం పూలు కోసుకొచ్చి రెప్పల మీద పెట్టుకోమన్నారు. చిన్నప్పుడు కళ్లకలకకు నేనూ పెట్టుకున్నదే. ఇప్పుడు తెల్లకణాలు తక్కువ, ఏ క్రిమి చేరినా కష్టం. వద్దన్నానని చిన్నబుచ్చుకున్నారు. పూలు గ్లాసులో వేసి కిటికీలో పెట్టాను.

ఇంత చిన్న సంగతి కీమో డాక్టరుకేం చెబుతాంలే అని నెల రోజులు ఊరుకున్నాను. తప్పే. మొన్న చెప్పగానే ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు. ఈ మందు కన్నీళ్లలోకీ వస్తుందట. కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్నని దారి దానివల్ల ఇరుకైపోవచ్చట. త్వరగా పట్టుకుంటే చుక్కల మందో, సన్న సిలికాన్ గొట్టమో పెట్టి కాపాడతారు. పూర్తిగా మూసుకుపోతే ఆపరేషనే.

అందుకే ఈరోజు కంటి డాక్టరమ్మ దగ్గరికి. ముక్కు పక్కన, కింది రెప్ప చివర సూదిమొనంత రంధ్రం ఉంటుంది. అందులోంచి ఉప్పునీళ్లు ఎక్కించారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"గొంతులో ఏమైనా తెలుస్తోందా?"

ముందు ఏమీ తెలియలేదు. కాసేపటికి నాలుక మొదట్లో సన్నగా ఉప్పన.

"ఉప్పగా ఉంది మేడమ్."

"అయితే దారి తెరిచే ఉంది."

కుడి కన్ను మాత్రం కాస్త ఇరుకు, సగం నీళ్లు వెనక్కొచ్చి చెంప మీదుగా కారాయి. చుక్కలు రాసిచ్చి, ప్రతి కీమోకి ముందు వచ్చి చూపించుకోమన్నారు.

"మన హెచ్చెల్సీ కాలువ కంటే నయమే, పూడిక తీయించే పని లేదు" అన్నారు మా ఆయన బండి స్టార్ట్ చేస్తూ.

రాత్రి చుక్కలు వేసుకోబోతే మొదటిది చెవిలోకి జారింది, రెండోది దిండు మీద పడింది. మూడోది అత్తయ్య వేశారు, చెప్పకుండానే చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి.