బస్సులో దొరికిన గంట

దుబాయిలో ఒక నిర్మాణ స్థలంలో నేను టైంకీపర్‌ని. ఎవరు ఎన్నింటికి పనిలో దిగారు, ఎన్నింటికి ముగించారు, ఎవరికి ఎంత ఓటీ (ఓవర్‌టైం, అంటే అదనపు పని గంటలు) పడింది అన్నది రాయడమే నా ఉద్యోగం. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. అంతకు మించి చేయించుకుంటే మూల వేతనానికి 25 శాతం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్యనైతే 50 శాతం కలిపి ఇవ్వాలి. ఈ లెక్కలన్నీ నాకు కంఠోపాఠం. అయితే మేం కార్మికులం ఉండే క్యాంపు నుంచి పని స్థలానికి బస్సులో గడిచే సమయం నా టైంషీటులో ఎక్కడా ఉండదు.

మా క్యాంపు సోనాపూర్‌లో, పని జెబెల్ అలీ వైపు. ఉదయం గంట ప్రయాణం, సాయంత్రం రద్దీలో గంటన్నర. 8 గంటల పని, 2 గంటల ఓటీ, గంట భోజన విరామం, ఈ రెండున్నర గంటల బస్సు, 6 గంటల నిద్ర తీసేస్తే చేతికి మిగిలేది నాలుగున్నర గంటలు. వంట, స్నానం, బట్టలు, ఇంటికి ఫోను, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

వచ్చిన మొదటి ఏడాది ఆ నాలుగున్నర గంటలూ పొయ్యి దగ్గర, స్నానాల గది దగ్గర నిలబడటంలోనే పోయేవి. గదిలో ఆరుగురం ఉన్నాం, ఆరు వంటలు. చివరికి ఒక రాత్రి అందరం కూర్చుని వారంలో తలా ఒక రోజు వంట, ఏడో రోజు అందరం కలిసి అని ఒప్పుకున్నాం. నేను వంతులు కాగితం మీద రాసి తలుపుకు అంటించాను. వంట వంతు ఉన్నవాడు రాత్రి అన్నం, కూరతో పాటు మరునాటి డబ్బాలు కూడా సర్దుతాడు. ఎండాకాలంలో పప్పు మధ్యాహ్నానికి పులిసిపోతుంది కనుక ఆ నెలల్లో పులుసు, పులిహోర, పచ్చడి మాత్రమే. ట్యాంకు నీళ్లు సాయంత్రం ఒంటి మీద పోసుకోలేనంత కాగి ఉంటాయి. అందుకే పడుకునే ముందు బకెట్లు నింపి పెడితే తెల్లవారేసరికి చల్లబడతాయి, స్నానం ఐదు నిమిషాల్లో అవుతుంది. ఒక మనిషి ఎంత క్రమశిక్షణతో ఉన్నా పక్క మంచం మీదివాడు కలిసి రాకపోతే క్యాంపులో సమయం మిగలదని నాకు ఆ కాగితం అంటించాకే అర్థమైంది.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడం నిషేధం. ప్రాణాలు కాపాడే నిబంధన అది. కాకపోతే విరామం పెరిగిన కొద్దీ సాయంత్రం వెనక్కి జరుగుతుంది, గదికి చేరేసరికి 8 అవుతుంది. అందుకని ఆ నీడలో గంటన్నర నిద్రను రాత్రి నిద్రలో భాగంగానే లెక్క వేసుకుంటాం. విరామంలో ఫోను చూస్తూ కూర్చున్న కుర్రాళ్లు రెండో వారానికే నీరసించడం నేను చూశాను.

కొత్తగా వచ్చినవారికి నేను తప్పక చెప్పేది ఇంకొకటి ఉంది: జేబులో చిన్న డైరీ పెట్టుకుని మీ గంటలు మీరే రాసుకోండి. మా గదిలోని ఒక తమ్ముడికి పాత కంపెనీలో ఒక నెల ఓటీ తగ్గించి వేశారు. రోజువారీ సమయాలు రాసి ఉన్న డైరీ చూపించాకే ఆ డబ్బు ఇచ్చారు. టైంకీపర్ కూడా మనిషే, పొరపాటు పడతాడు.

ఇంటికి ఫోను విషయంలో మాత్రం నాకు దారి దొరకడానికి చాలా కాలం పట్టింది. జగిత్యాలలో గడియారం ఇక్కడికంటే గంటన్నర ముందుంటుంది. నేను వంట, స్నానం ముగించుకునే 8:30కి అక్కడ 10. పాప నిద్రపోయి ఉండేది. నెలల తరబడి భార్యతోనే మాట్లాడి, పాప ముఖం ఫొటోల్లోనే చూశాను. ఒకనాడు టైంషీటు నింపుతుంటే, అందులో లేని ఆ బస్సు గంట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. మా బస్సు ఉదయం 5కి కదులుతుంది. అప్పుడు ఇంట్లో 6:30. పాప బడికి తయారయ్యే వేళ. ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు కనుక ఇద్దరి ఫోన్లలోనూ బోటిమ్ అనే కాలింగ్ యాప్ వేయించాను. వెనక సీట్లలో అందరూ నిద్రపోతుంటారు, నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మెల్లగా మాట్లాడతాను. జడ వేయించుకుంటూనే పాప అడిగే మొదటి మాట ఒకటే:

"బాపూ, బస్సెక్కినవా?"