చిటిక వేస్తే ఏడ్చిన పాప

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత మూకీ సినిమా పెట్టాను. 1924లో వచ్చిన 'కెప్టెన్ జనవరి'. సముద్రంలో కొట్టుకొచ్చిన పసిపిల్లను ఒక ముసలాయన లైట్‌హౌస్‌లో పెంచుకునే కథ. ఆ పిల్ల వేషం వేసింది బేబీ పెగ్గీ. నుదుటి మీదికి సమంగా కత్తిరించిన నల్లటి జుట్టు, ముఖమంతా కళ్లే. అప్పటికి ఆమెకు ఐదేళ్లు. మా పాపకు నాలుగున్నర. కాసేపు నోరు మెదపకుండా చూసి, "అమ్మా, ఆ పాపని ఏడవమని ఎవరు చెప్పారు?" అంది.

వాళ్ల నాన్న చెప్పాడు. నేనప్పటికే ఆమె గురించి చాలా చదివి ఉన్నాను కాబట్టి జవాబు తెలుసు. కానీ దానికి చెప్పలేకపోయాను.

ఆమె అసలు పేరు పెగ్గీ జీన్ మాంట్‌గొమెరీ. 1918 అక్టోబర్ 29న కాలిఫోర్నియాలో పుట్టింది. నాన్న జాక్ మాంట్‌గొమెరీ కౌబాయ్. గుర్రాల పని తగ్గిపోయి హాలీవుడ్ చేరి, అప్పటి పెద్ద స్టార్ టామ్ మిక్స్‌కి డూప్‌గా చేసేవాడు. గుర్రాన్ని మలిచినట్టే పిల్లల్నీ మలచాలని ఆయన నమ్మకం. మాట చెప్తే మారు మాట్లాడకూడదు. చిటిక వేసి "ఏడువు" అంటే ఏడవాలి, "నవ్వు" అంటే నవ్వాలి, "భయపడు" అంటే భయపడాలి. తన కూతురు సక్సెస్‌కి కారణం నటన కాదు, మాట వినడమే అని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

పందొమ్మిది నెలల వయసులో వాళ్లమ్మ, ఎక్స్‌ట్రాగా చేసే స్నేహితురాలితో కలిసి, పెగ్గీని సన్‌సెట్ బూలవార్డ్‌లోని సెంచరీ స్టూడియోకి తీసుకెళ్లింది. అక్కడ అల్లరి చేయకుండా చెప్పినచోట కూర్చున్న ఈ పిల్లను దర్శకుడు ఫ్రెడ్ ఫిష్‌బాక్ చూశాడు. వాళ్ల దగ్గర బ్రౌనీ అని ఒక కుక్క ఉండేది, అది అప్పటికే స్టార్. దాని పక్కన ఈ పిల్లను పెట్టి చిన్న కామెడీలు తీయడం మొదలుపెట్టారు.

పందొమ్మిది నెలల పిల్ల నటించడం ఏమిటి అని మొదట్లో నాకూ అనుమానం వచ్చింది. మూకీల పని పద్ధతి తెలిశాక అర్థమైంది. శబ్దం రికార్డు కాదు కాబట్టి కెమెరా తిరుగుతున్నంతసేపూ దర్శకుడు పక్కనుంచి గట్టిగా చెప్తూనే ఉండవచ్చు. "ఇటు చూడు, ఆ తలుపు తియ్యి, ఇప్పుడు ఏడువు." డైలాగ్ బట్టీ పట్టాల్సిన పని లేదు. చదవడం రానక్కర్లేదు. మాటలు కూడా సరిగ్గా రాని పసిపిల్ల స్టార్ కాగలిగింది ఆ కాలంలోనే. కావాల్సింది ఒక్కటే, చెప్పిన మాట చెప్పిన క్షణంలో చేయడం. పెగ్గీకి పుట్టిన దగ్గర్నుంచీ నేర్పిందే అది.

1921 నుంచి 1924 లోపు నూట యాభై దాకా చిన్న సినిమాలు చేసింది. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. పెద్దవాళ్ల సినిమాలను అనుకరిస్తూ తీసిన కామెడీల్లో ఆమె చేసినవి చూడాలి. 'కార్మెన్ జూనియర్', గుర్రప్పోలీసు వేషం వేసిన 'పెగ్ ఓ ది మౌంటెడ్' ఇప్పటికీ దొరుకుతాయి. బాగుంటాయి, నిజంగా బాగుంటాయి. నాన్న ఏమన్నా సరే, అది ఉత్త విధేయత అంటే నేను ఒప్పుకోను. ఆ పిల్ల కనుబొమ్మ ఎత్తే టైమింగ్ ఎవరూ చిటిక వేసి రప్పించగలిగేది కాదు.

కానీ ఆ రోజుల్లో సెట్ మీద ఏం జరిగిందో చదివితే కడుపులో తిప్పుతుంది. ఒక సినిమా కోసం సముద్రపు నీళ్లలో ముంచి పట్టుకుంటే స్పృహ తప్పింది. ఇంకోదానికి కదిలే రైలు కింద వేలాడింది. 'ది డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్'లో మండుతున్న గదిలోంచి ఒక్కతే బయటపడాలి. అప్పటికి నాలుగేళ్లు. ఏనుగు కింద పడి నలిగి చనిపోయిన ట్రైనర్‌ని కూడా ఆ కళ్లతోనే చూసింది. సాయంత్రం ఇంటికెళ్లి ఆ విషయం ఎవరితో చెప్పుకుని ఉంటుంది?

పత్రికలు 'మిలియన్ డాలర్ బేబీ' అన్నాయి. ఆమె పోలికతో బొమ్మలు అమ్మారు. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగితే వేదిక మీద, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పక్కన నిలబెట్టారు. డబ్బు నాన్న చేతిలోకి వెళ్లేది. ఇళ్లు, కార్లు, బట్టలు. పెగ్గీ పేరున గానీ, అక్క లూయీస్ పేరున గానీ ఒక్క డాలర్ దాచలేదు. చదువు కోసమూ పక్కన పెట్టలేదు.

1925లో నిర్మాత సోల్ లెసర్‌తో పారితోషికం దగ్గర నాన్న గొడవపడి కాంట్రాక్ట్ రద్దు చేసుకున్నాడు. అక్కడితో సరి. ఆరేళ్లకే పెగ్గీని హాలీవుడ్ దూరం పెట్టింది. ఆ తర్వాత మూకీల్లో ఆమెకు దొరికింది 1926లో ఒక చిన్న వేషం మాత్రమే. దాంతో వాడెవిల్ అనే ఆటపాటల, హాస్యపు స్టేజి షోలకి ఊరూరా తిప్పారు. టాన్సిల్స్ వాచినా, ఫ్లూ వచ్చినా షో ఆపలేదు. ఒక్కో షోకి పెగ్గీ చేతిలో పెట్టింది ఒక నికెల్, అంటే ఐదు సెంట్లు. ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న పిల్లకి!

మిగిలిన డబ్బుతో వయోమింగ్‌లో ఒక రాంచ్ మొదలుపెట్టారు. 1929 షేర్ మార్కెట్ కుప్పకూలడంతో అదీ పోయింది. మళ్లీ హాలీవుడ్. ఈసారి గుంపులో ఒకరిగా, రోజుకూలీకి. 'కెప్టెన్ జనవరి' కథనే 1936లో షర్లీ టెంపుల్‌తో తీశారు. అప్పటికి పదిహేడేళ్ల పెగ్గీ ఎక్స్‌ట్రా వేషాలేస్తోంది. ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆమె తోటి బాలనటుడు జాకీ కూగన్ తన సంపాదన కోసం 1938లో తల్లి మీద, సవతి తండ్రి మీద కేసు వేశాడు. లక్షల డాలర్లు సంపాదించినవాడికి చివరికి దక్కింది 1,26,000. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో కొంత వాళ్ల కోసం దాచేందుకు కూగన్ చట్టం వచ్చింది. పెగ్గీకి అది అందే వీలే లేదు. ఆమె డబ్బు అప్పటికే ఆవిరైపోయింది.

తర్వాత ఆమె చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. ఆ పేరునే వదిలేసింది. డయానా అయ్యింది. క్యాథలిక్ మతంలోకి మారాక సెర్రా చేరింది, చిత్రకారుడు రాబర్ట్ కేరీని పెళ్లాడాక డయానా సెర్రా కేరీ. టెలిఫోన్ స్విచ్‌బోర్డ్ దగ్గర పనిచేసింది, పుస్తకాల షాపులో పనిచేసింది. సరిగ్గా బడికే వెళ్లని మనిషి చరిత్రకారిణి అయ్యింది. హాలీవుడ్ కౌబాయ్‌ల మీద, అంటే వాళ్ల నాన్న లోకం మీద రాసింది, బాలనటుల మీద రాసింది, చివరికి తన మీద తానే రాసుకుంది. కూగన్ జీవిత చరిత్రా రాసింది. పిల్లల సంపాదనకి రక్షణ కావాలని పోరాడేవాళ్లతో కలిసి పెద్ద వయసులోనూ మాట్లాడింది. 2000 నుంచి అమల్లోకి వచ్చిన మార్పులతో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదన వాళ్లదే అయ్యింది, అందులో 15 శాతం ట్రస్టులో వేయాలి. తొంభై తొమ్మిదో ఏట మొదటి నవల కూడా అచ్చు వేసుకుంది. 2020 ఫిబ్రవరి 24న, నూటొకటో ఏట పోయింది.

1926లో సెంచరీ స్టూడియో కాలిపోయి ఆమె సినిమాల్లో చాలామటుకు బూడిదయ్యాయి. మిగిలినవి ఒక్కొక్కటిగా ఎక్కడెక్కడో దొరికాయి. ఆ పాత సినిమాలు వేసే ఉత్సవాలకు ఆమెను పిలిచేవాళ్లు. ఎన్నో ఏళ్లు అసహ్యించుకున్న ఆ చిన్నపిల్లని తొంభై ఏళ్లు దాటాక కూడా హాల్లో కూర్చుని తెర మీద చూసింది.

ఇంతా రాస్తున్నది ఒక ఫోన్ కాల్ వల్ల. నిన్న మా దగ్గరి బంధువు ఒకావిడ వీడియో కాల్ చేసి, "పాప ఆ ఏడుపు ముఖం భలే పెడుతుంది కదా, ఒకసారి పెట్టించు, రికార్డ్ చేసుకుంటా" అంది. ఆమెకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఇంతకుముందు నేనే రెండు మూడుసార్లు పెట్టించాను, నవ్వుకున్నాం. పాప నా ముఖం వైపు చూస్తూ నిలబడింది, నేను ఎప్పుడు చెప్తానా అని.

"ఆడుకో పో నాన్నా" అన్నాను.