దియన్ బియన్ ఫులో ఎవరూ ఎక్కని సైకిలు

వియత్నాం రాజధాని హనోయ్ నుంచి, 1954లో ఫ్రెంచివారు వియత్నామీయుల చేతిలో ఓడిపోయిన దియన్ బియన్ ఫుకు రాత్రి స్లీపర్ బస్సులో వెళ్ళాను. ఎక్కగానే చెప్పులు విప్పించి, వాటిని ప్లాస్టిక్ సంచిలో వేసి చేతికిచ్చి, కాళ్ళు చాపుకోవడానికి వీలులేని పడకలోకి పంపారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కునుకు పడితే ఒట్టు. తెల్లవారి దిగేసరికి నా విసుగంతా ఆ ఊరి మీదికే మళ్ళింది. చుట్టూ కొండలు, నడుమ వరిమళ్ళు. ఇంత పల్లంలో ఫ్రెంచివారు కోట ఎందుకు కట్టుకున్నారో అర్థం కాలేదు. ఆ కొండల మీదికి ఫిరంగులు ఎక్కించడం వియత్నామీయుల తరం కాదని వారి ధీమా. 1954 మార్చి 13న ఆ ఫిరంగులే పేలడం మొదలయ్యాక, కొద్ది రోజులకే ఫ్రెంచి ఫిరంగిదళాధిపతి పిరోత్ గ్రెనేడుతో ప్రాణం తీసుకున్నాడు.

మ్యూజియంలో ఒక సైకిలు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. హ్యాండిలుకు పొడవాటి వెదురు కర్ర కట్టి ఉంది, సీటు దగ్గర నిలువుగా మరొకటి. దానిని ఎవరూ తొక్కలేదు. వియత్నామీయులు పక్కన నడుస్తూ, ఒక కర్రతో దారి మళ్ళిస్తూ, రెండో దానితో నెట్టుకుంటూ, యుద్ధానికి కావలసిన 200 కిలోలకు పైగా సరుకును కొండదారుల్లో నడిపించారు. కొందరు 300 కూడా దాటించారు. రాత్రి బస్సులో నేను తిట్టుకున్నది అలాంటి కొండదారినే.

ఫ్రెంచి స్థావరమైన ఏ1 కొండ మీద మే 6 రాత్రి వియత్నామీయులు సొరంగంలో సుమారు టన్ను మందుగుండు పేల్చిన గొయ్యి ఇప్పటికీ ఉంది. మరునాడే ఫ్రెంచి సేనాని ద కాస్త్రి పట్టుబడ్డాడు, 56 రోజుల పోరు ముగిసింది.

అదే ఏడాది జూన్ 13న ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మా యానాంలో విమోచనవాదులు పాలనను చేజిక్కించుకున్నారు. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారతదేశానికి అప్పగించబడింది. అల్జీరియాలో ఫ్రెంచి పాలనపై తిరుగుబాటు మొదలైందీ ఆ రోజే. ఫ్రెంచివారు యానాంను మర్యాదగా వదిలి వెళ్ళారని చిన్నప్పుడు మా పెద్దలు చెప్పేవారు. ఆ మర్యాదలో కొంత వాటా ఈ సైకిళ్ళదేనని అక్కడ నిలబడి అనుకున్నాను.

టైరుకూ ట్యూబుకూ మధ్య చినిగిన గుడ్డపీలికలు దోపేవారని బయటికి వచ్చాక తెలిసింది. మళ్ళీ చూడాలంటే మళ్ళీ టికెట్ కొనమన్నారు. సణుక్కుంటూనే కొని, వంగి ఎంతసేపు చూసినా పీలిక అంచు కనబడలేదు.